కావలివాని కునుకు: సైనిక చరిత్రలో నిద్ర, నేరం, రోగం

వ్యాససంగ్రహం:

కాపలా సమయంలో నిద్రపోవడాన్ని సైనిక శాసనాలు ఎంతోకాలంగా ఘోరనేరంగా పరిగణించాయి. నిద్రలో శ్వాస పదేపదే ఆగిపోయే స్లీప్ ఆప్నియా అనే రుగ్మతను వైద్యశాస్త్రం గుర్తించినది 1965లో. ఈ రెండింటి నడుమ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. పగటి మగత నేరం నుంచి రోగంగా, రోగం నుంచి వైద్యశ్రేణిగా మారిన క్రమాన్ని బ్రిటన్, అమెరికా, భారత సైన్యాల ఆధారంగా వివరిస్తుంది. రోగనిర్ధారణ సైనికుణ్ణి దోషం నుంచి విముక్తుణ్ణి చేసిందనీ, అయితే అతని వృత్తిజీవితాన్ని అనుమానం నుంచి పూర్తిగా విడిపించలేదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిద్ర, గురక, స్లీప్ ఆప్నియా, కావలి సైనికుడు, సైనిక శాసనం, వైద్యశ్రేణి, వైకల్య పింఛను.

1. ప్రవేశిక:

“ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు” అన్నది తెలుగువారి నిత్యవ్యవహారంలోని సామెత. శరీరం నిద్రను కోరినప్పుడు చోటునూ సమయాన్నీ లెక్కచేయదని దాని భావం. పొలంలో, బండిమీద, బడిలో కునికిపాటు పడితే నవ్వుతోనో మందలింపుతోనో పోతుంది. చేతిలో తుపాకి పట్టుకొని నిలబడిన సైనికుని విషయంలో అలా కాదు. అతని కునుకుమీద వందలమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అందువల్లనే సైనిక శాసనాలు కావలివాని నిద్రను పిరికితనం, పలాయనం వంటి నేరాల సరసన చేర్చాయి.

ఈ కాఠిన్యానికి కారణం ఉంది. కాని ఆ శాసనాలు రూపొందిన కాలంలో ఎవరికీ తెలియని విషయం ఒకటి ఉంది. రాత్రంతా పడుకొని లేచినా నిద్రపోనివానితో సమానమైన మనుషులు కొందరు ఉంటారు. నిద్రలో వారి గొంతు మార్గం ముడుచుకుపోయి శ్వాస ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి మేల్కొలుపుతుంది. శ్వాస తిరిగి మొదలవుతుంది, మళ్ళీ ఆగుతుంది. ఉదయానికి ఈ మెలకువలేవీ రోగికి గుర్తుండవు. పగలు మాత్రం మగత వెంటాడుతుంది. దీనిని కాపలా విధిలో ఉన్న సైనికునికి అన్వయించి చూస్తే ఒక న్యాయసమస్య తలెత్తుతుంది. తాను నిద్రపోతున్నానని కూడా పూర్తిగా తెలియని మనిషి నిద్రకు ఎంతవరకు బాధ్యుడు? ఈ ప్రశ్నకు సైన్యాలు వేర్వేరు కాలాల్లో ఇచ్చిన సమాధానాలే ఈ వ్యాసానికి విషయం.

2. నిద్రను జయించిన వీరుడు – సాహిత్య నేపథ్యం:

నిద్రను జయించడం వీరలక్షణమనే భావన భారతీయ వాఙ్మయంలో బలంగా ఉంది. అర్జునునికి ‘గుడాకేశుడు’ అనే పేరుంది. నిద్రను జయించినవాడని దానికి వ్యాఖ్యాతలు చెప్పే ప్రసిద్ధార్థం. వనవాసకాలంలో లక్ష్మణుడు నిద్ర మాని అన్నావదినెలకు కాపలా కాశాడన్న కథ తెలుగునేలమీద విశేషంగా ప్రచారం పొందింది. రంగనాథ రామాయణంలో నిద్రాదేవి లక్ష్మణుని సమీపించే ఘట్టం ఉంది. ఆ నిద్ర అయోధ్యలోని ఊర్మిళను చేరుతుంది. స్త్రీల పాటల్లో ‘ఊర్మిళాదేవి నిద్ర’ దీనినే మరోవైపు నుంచి చూపిస్తుంది. ఈ కథలోని లౌకికజ్ఞానం గమనించదగినది. లక్ష్మణుని నిద్ర రద్దు కాలేదు, మరొకరి శరీరానికి బదిలీ అయింది. నిద్ర అనే ఋణాన్ని ఎవరో ఒకరు తీర్చవలసిందేనని జానపద కల్పన గుర్తించింది.

మహాభారతం ఈ సత్యాన్ని యుద్ధభూమిలోనే నిలిపి చూపింది. ద్రోణపర్వంలో రాత్రియుద్ధం జరిగినప్పుడు ఇరుసేనలూ నిద్రాభారంతో తూలిపోతాయి. అప్పుడు చంద్రోదయం వరకు అందరూ నిద్రించవచ్చునని ప్రకటించినవాడు అర్జునుడే. శత్రుసైనికులు కూడా అతణ్ణి దీవిస్తారు. నిద్రను జయించినవాడని పేరుపొందిన వీరుడే సామాన్య సైనికుని నిద్రను దోషంగా కాక దేహధర్మంగా అంగీకరించాడు. సౌప్తికపర్వం దీనికి విపర్యయం. నిద్రిస్తున్న శిబిరంమీద అశ్వత్థామ సాగించిన సంహారం నిద్రలోని అపాయాన్ని చూపుతుంది. నిద్ర అనివార్యం, నిద్ర ప్రాణాంతకం అనే ఈ రెండు సత్యాల నడుమనే ఆధునిక సైనిక శాసనం కూడా నడిచింది. అయితే అది చాలాకాలం రెండవ సత్యాన్నే పట్టించుకుంది.

3. నేరంగా నిద్ర:

అమెరికా అంతర్యుద్ధ కాలంలో విలియం స్కాట్ ఉదంతం ఈ విషయంలో ప్రసిద్ధమైనది. అతడు మూడవ వెర్మాంట్ పదాతిదళంలో సాధారణ సైనికుడు. 1861 ఆగస్టు 31న వాషింగ్టన్ సమీపంలోని చైన్ బ్రిడ్జి వద్ద కాపలాలో నిద్రిస్తూ పట్టుబడ్డాడు. కోర్టు మార్షల్ అతణ్ణి కాల్చి చంపాలని తీర్పు చెప్పింది. సెప్టెంబరు 9న శిక్ష అమలు కావలసి ఉండగా అధ్యక్షుడు లింకన్ అభీష్టాన్ని పేర్కొంటూ జనరల్ మక్లెలన్ పేరిట క్షమాభిక్ష ఉత్తర్వు వెలువడింది. ముందురాత్రి జబ్బుపడిన సహచరునికి బదులుగా స్కాట్ కాపలా కాశాడనీ, వరుసగా రెండవ రాత్రి మెలకువతో ఉండలేకపోయాడనీ ప్రచారంలో ఉన్న కథనం. 1862 ఏప్రిల్‌లో లీస్ మిల్ వద్ద జరిగిన పోరులో అతడు మరణించాడు. మరుసటి ఏడాది ఫ్రాన్సిస్ డి హేస్ జాన్వియర్ రచించిన కావ్యం అతణ్ణి ‘నిద్రించిన కావలివాని’గా ప్రజల మనసుల్లో నిలిపింది.

ఈ ఉదంతంలో చరిత్రకారుడు గమనించవలసింది క్షమ వెనుక ఉన్న తర్కం. స్కాట్‌కు ప్రాణభిక్ష లభించింది గాని అతడు నిర్దోషి అని ఎవరూ అనలేదు. అతని శరీర పరిస్థితి విచారణలో నిర్ణాయకం కాలేదు. క్షమ పాలకుని కరుణకు చెందినది. కారణాన్ని విచారించడం న్యాయానికి చెందినది. ఇక్కడ జరిగింది మొదటిది మాత్రమే.

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఇదే పద్ధతిని పెద్దయెత్తున అనుసరించింది. బ్రిటిష్ యుద్ధశాఖ ప్రకటించిన లెక్కల ప్రకారం కాపలాలో నిద్రపోయినందుకు 449 మందికి మరణశిక్ష పడింది. వారిలో శిక్ష అమలైనది ఇద్దరికి. ఆ ఇద్దరూ ఒకే రెజిమెంటువారు. 1917 ఫిబ్రవరిలో మెసొపొటేమియా రంగంలో వారిని కాల్చి చంపారు. మిగిలిన 447 మంది శిక్షలు తగ్గాయి లేదా రద్దయ్యాయి. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న అంతరం కేవలం దయను సూచించేది కాదు. శాసనం చెప్పినట్టు శిక్షిస్తే సైన్యమే మిగలదని ఉన్నతాధికారులకు తెలుసునని అది సూచిస్తుంది. కందకాల్లో రోజుల తరబడి నిద్రలేని మనుషుల కునుకును నేరమనడం ఎంత అసంగతమో ఆచరణ ఒప్పుకుంది, శాసనం ఒప్పుకోలేదు.

పార్లమెంటులో ఎర్నెస్ట్ థర్టిల్ వంటి సభ్యులు సాగించిన ఉద్యమం ఫలితంగా 1930 నాటికి బ్రిటిష్ సైనిక చట్టంలో ఈ నేరానికి మరణశిక్ష తొలగిపోయింది. 2006 నాటి సాయుధదళాల చట్టం మొదటి ప్రపంచయుద్ధంలో ఇలా శిక్ష అమలైనవారికి మరణానంతర క్షమను ప్రకటించింది. ఆ జాబితాలోని నేరాల్లో కాపలాలో నిద్రపోవడం కూడా ఉంది. 1911 నాటి భారత సైనిక చట్టం కింద శిక్షకు గురైనవారికీ ఆ క్షమ వర్తిస్తుంది.

ఈ సైనికుల్లో ఎవరికైనా స్లీప్ ఆప్నియా ఉండేదా అన్న ప్రశ్న సహజంగా కలుగుతుంది. అలాంటి నిర్ధారణకు పూనుకోవడం చరిత్రరచనలో దోషం. వారి నిద్రను ఎవరూ కొలవలేదు. అలసట ఒక్కటే చాలినంత కారణం. ఇక్కడ చెప్పదగినది ఇంతవరకే: ఆ న్యాయస్థానాలకు ‘నిద్రపోయాడా?’ అన్న ప్రశ్న ఉంది, ‘ఎందుకు నిద్రపోయాడు?’ అన్న ప్రశ్నకు చోటు లేదు.

4. హాస్యపాత్ర నుంచి రోగి వరకు:

శాసనం ఇలా ఉండగా సాహిత్యం అతినిద్రను హాస్యంగా చూసింది. రామాయణంలోని కుంభకర్ణుణ్ణి లేపే ఘట్టం అద్భుతహాస్యాలకు ఆలవాలం. అతని నిట్టూర్పుల వేగానికి రాక్షసులు నిలవలేకపోతారు. తెలుగులో ‘కుంభకర్ణ నిద్ర’ జాతీయమైపోయింది. ‘గుర్రు పెట్టి నిద్రపోవడం’ అన్న పలుకుబడికి వ్యవహారంలో ఉన్న అర్థం మైమరచిన సుఖనిద్ర. గురక గాఢనిద్రకు గుర్తు అన్న లోకవిశ్వాసం ఈ నుడికారంలో నిక్షిప్తమై ఉంది. ఆధునిక వైద్యం ఈ అర్థాన్ని తలకిందులు చేసింది. గట్టిగా వినిపించే గురక, మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం, ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరితో మళ్ళీ శ్వాస – ఇది భంగపడిన నిద్రకు గుర్తు.

ఆంగ్ల సాహిత్యంలో చార్లెస్ డికెన్స్ 1836–37లో ప్రచురించిన ‘పిక్విక్ పేపర్స్’ నవలలో జో అనే స్థూలకాయుడైన కుర్రవాడు నిలబడి కూడా గురక పెడతాడు. 1956లో బర్వెల్, ఆయన సహచరులు అమెరికా వైద్యపత్రికలో ప్రచురించిన వ్యాసంలో తమ రోగి లక్షణాలకు ఈ నవల పేరుతో ‘పిక్వికియన్ సిండ్రోమ్’ అని నామకరణం చేశారు. ఆ రోగి ఒక వ్యాపారసంస్థ అధికారి. పేకాటలో గెలుపు ముక్కలు చేతికి వచ్చినా నిద్రలోకి జారుకొని ఆ అవకాశాన్ని పోగొట్టుకున్నాడు. ఆ వైద్యులు మగతకు కారణాన్ని స్థూలకాయంలో, రక్తంలో పేరుకున్న బొగ్గుపులుసు వాయువులో వెతికారు. రోగి రాత్రి ఎలా నిద్రపోతున్నాడో పరిశీలించలేదు.

ఆ పరిశీలన 1965లో జరిగింది. ఫ్రాన్సులోని మార్సేలో గాస్తో బృందం, జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో యుంగ్, కూలో ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా రాత్రంతా శ్వాసను నమోదుచేసి అది పదేపదే ఆగుతున్నట్టు కనుగొన్నారు. 1976లో గిల్మినో, టిల్కియన్, డిమెంట్ అనే పరిశోధకులు స్లీప్ ఆప్నియా సిండ్రోమ్ అనే పేరును స్థిరపరచారు. శ్వాస కనీసం 10 సెకన్లు ఆగితే దానిని ఒక ఘటనగా లెక్కించడం, గంటకు ఎన్ని ఘటనలో చూసి తీవ్రతను నిర్ణయించడం అప్పటి నుంచి స్థిరపడిన పద్ధతి. శ్వాస పూర్తిగా ఆగడమూ, బాగా తగ్గడమూ రెండూ లెక్కకు వస్తాయి. గంటకు 5 నుంచి 15 లోపు అయితే స్వల్పం, 15 నుంచి 30 లోపు మధ్యమం, 30, అంతకు మించితే తీవ్రం.

1993లో టెరీ యంగ్ బృందం అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉద్యోగులైన మధ్యవయస్కులపై జరిపిన అధ్యయనం ఈ రుగ్మత అరుదైనదనే భావనను తొలగించింది. పగటి మగతతో కూడిన ఆప్నియా పురుషుల్లో 4 శాతం, స్త్రీలలో 2 శాతం మందిలో కనిపించింది. నవలలోని జో వంటి విపరీతాకారులకే వచ్చే జబ్బు కాదని, పక్కన పనిచేస్తున్న సామాన్యునికీ ఉండవచ్చని తేలింది.

5. శాసనంలో రోగానికి చోటు:

ఈ వైద్యజ్ఞానం సైనికన్యాయంలోకి ఎంతవరకు ప్రవేశించింది? అమెరికాలో 1950 నాటి ఏకరూప సైనిక న్యాయసంహితలో కావలివాని నిద్ర 113వ అధికరణం కింద నేరం. 2019 నుంచి అదే నేరం 95వ అధికరణం కిందికి మారింది. యుద్ధకాలంలో దీనికి ఇప్పటికీ మరణశిక్ష వరకు విధించే అవకాశం ఉంది. అయితే కోర్టు మార్షల్ నిర్వహణకు ఆధారమైన నియమగ్రంథం ఈ నేరాన్ని వివరిస్తూ ఒక మినహాయింపును స్పష్టంగా పేర్కొంటుంది. నిద్ర రోగంవల్ల గాని ప్రమాదంవల్ల గాని కలిగిన శారీరక అశక్తతకు ఫలితమైతే అది నిందితునికి చెల్లుబాటయ్యే రక్షణ.

స్కాట్ కాలపు క్షమకూ ఈ రక్షణకూ మౌలికభేదం ఉంది. క్షమను యాచించాలి, రక్షణను నిరూపించాలి. రాత్రంతా శ్వాసను నమోదుచేసే పరీక్ష లేనిదే ఈ నిరూపణ సాధ్యం కాదు. 1965 తర్వాతి వైద్యశాస్త్రం సైనికునికి ఇచ్చిన మొదటి మేలు ఇదే. అతని కునుకుకు ఒక సాక్ష్యపత్రం దొరికింది. కాని ఆ సాక్ష్యపత్రమే మరొక ద్వారం వద్ద అతనికి వ్యతిరేకంగా నిలిచింది. నేరవిచారణలో నిర్దోషిత్వాన్ని చాటిన వైద్యపత్రం వృత్తిజీవితంలో అనర్హతా పత్రంగా మారే అవకాశం ఏర్పడింది.

6. యంత్రం – సేవ – వృత్తిజీవితం:

రోగం తెలిసిన తొలిరోజుల్లో దానికి నమ్మదగిన చికిత్స గొంతుకు రంధ్రం చేసే శస్త్రచికిత్స. అలాంటి శస్త్రచికిత్స చేయించుకున్న మనిషికి యుద్ధభూమిలో చోటు ఊహించడం కష్టం. 1981లో ఆస్ట్రేలియాకు చెందిన కోలిన్ సలివన్ బృందం ‘లాన్సెట్’ పత్రికలో ఐదుగురు రోగులపై జరిపిన ప్రయోగాన్ని ప్రకటించింది. ముక్కుకు తొడిగిన గొట్టం ద్వారా స్వల్పపీడనంతో గాలిని నిరంతరం పంపితే గొంతు మార్గం ముడుచుకోకుండా నిలుస్తుంది. సీప్యాప్ అని వ్యవహరించే ఈ యంత్రమే నేటికీ ప్రధాన చికిత్స.

ఈ యంత్రం సైనికుణ్ణి సేవలో నిలబెట్టింది. అదే సమయంలో అతణ్ణి ఒక విద్యుత్తు తీగకు కట్టివేసింది. ఇంట్లో నిద్రించే ఉద్యోగికి ఇది చిన్న అసౌకర్యం. ఎడారి గుడారంలో, కొండశిఖరంమీది కాపలా కేంద్రంలో ఇది తీవ్రసమస్య. విద్యుత్తు ఉండాలి, దుమ్మును అడ్డుకునే వడపోత శుభ్రంగా ఉండాలి, ముక్కుతొడుగు జారకూడదు. యంత్రం వాడకం కొన్ని రాత్రులు ఆగినా పగటి మగత తిరిగి వస్తుంది. అందుచేత పశ్చిమాసియా ప్రాంతపు బాధ్యత గల అమెరికా సెంట్రల్ కమాండ్ తన మోహరింపు వైద్యనియమాల్లో ఆప్నియా ఉన్నవారి విషయాన్ని ప్రత్యేకంగా చేర్చింది. చికిత్సతో లక్షణాలు అదుపులో ఉండటం, యంత్రానికి విద్యుత్తు ఆధారం ఉండటం అక్కడ ప్రధానాంశాలు.

వృత్తిజీవితంలో ఈ రోగనిర్ధారణ మూడు ఘట్టాల్లో మూడు విధాలుగా పనిచేస్తుంది.

మొదటిది ప్రవేశం. అమెరికా రక్షణశాఖ వైద్యప్రమాణాల ప్రకారం స్లీప్ ఆప్నియా నిర్ధారణ అయినవారు, చికిత్స పొందుతున్నవారు సైన్యంలో చేరడానికి అనర్హులు. ప్రత్యేక మినహాయింపు పొందితే తప్ప ఆ ద్వారం తెరుచుకోదు.

రెండవది కొనసాగింపు. చేరిన తర్వాత రోగం బయటపడితే వెంటనే ఉద్యోగం పోదు. చికిత్సతో అదుపులోకి వస్తే సేవ సాగుతుంది, రాకపోతే వైద్యమండలి విచారణకు పంపుతారు. అమెరికా పదాతిసైన్యపు వైద్యనియమావళి పూర్వప్రతిలో ఈ సందర్భంలో ఒక ఆసక్తికరమైన అంశం ఉంది. చికిత్సకు లొంగని పగటి మగతతో పాటు, ఇతరుల నిద్రకు భంగం కలిగించే గురకను కూడా విచారణకు కారణంగా అది పేర్కొంది. గృహజీవితంలో పరిహాసమైన గురక బారకాసులో పరిపాలనా విషయమైంది. ఒకని శ్వాస పదిమంది నిద్ర అయినప్పుడు వ్యక్తిరోగం దళసమస్య అవుతుందన్న గుర్తింపు ఇందులో ఉంది.

మూడవది నియామకం. వైమానికుడు విమానం నడపడానికి ప్రత్యేక అనుమతి పొందవలసి ఉంటుంది. మోహరింపునకు అనర్హుడైనవాడు తన దళం వెళ్ళిన చోటికి వెళ్ళలేడు. యుద్ధరంగ అనుభవం పదోన్నతికి విలువైన చోట ఈ వెనుకబాటు పత్రాల్లో ‘అనర్హత’ అన్న మాట లేకుండానే వృత్తిని కుదిస్తుంది. వైద్యుని దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్న సందేహం సైనికునికి ఇక్కడే పుడుతుంది. వెళ్ళకపోతే మగతతో ఆయుధం పట్టాలి, వెళితే ఆయుధానికి దూరం కావచ్చు.

7. మెడ కొలతలోని వైరుధ్యం:

సైనికదేహాన్ని కొలిచే పద్ధతికీ రోగాన్ని గుర్తించే పద్ధతికీ మధ్య ఒక వైరుధ్యం చాలాకాలం ఉంది. స్థూలమైన మెడ ఆప్నియాకు తెలిసిన సూచిక. రోగం ఉండే అవకాశాన్ని అంచనావేసే ప్రశ్నావళుల్లో మెడ చుట్టుకొలత ఒక అంశం. అమెరికా సైన్యం పురుషుల దేహంలోని కొవ్వును అంచనా వేయడానికి వాడిన సూత్రంలో కూడా మెడ కొలత ఉంది, కాని అక్కడ అది వ్యతిరేకదిశలో పనిచేసింది. నడుము కొలత నుంచి మెడ కొలతను తీసివేసి లెక్కించేవారు కనుక మెడ ఎంత లావుగా ఉంటే లెక్కలో కొవ్వు అంత తగ్గేది. వైద్యుని దృష్టిలో అపాయసూచిక అయిన అవయవం సైనికాధికారి దృష్టిలో దేహదారుఢ్యానికి ఆధారమైంది. 2023లో పదాతిసైన్యం మెడ కొలతను వదిలి నడుము కొలతను మాత్రమే ఆధారం చేసుకుంది.

ఆప్నియా అంటే స్థూలకాయుల జబ్బేనన్న భావన సైన్యాల్లో రోగాన్ని మరుగుపరచింది. చురుకైన దేహం కలవానికి ఈ రోగం ఉంటుందని ఎవరూ అనుకోరు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనం నిద్రపరీక్షకు వచ్చిన 725 మంది క్రియాశీల అమెరికన్ సైనికులను పరిశీలించింది. వారిలో సుమారు సగంమందికి ఆప్నియా ఉన్నట్టు తేలింది. వారు నిద్రసమస్యలతో వైద్యుల వద్దకు వచ్చినవారు కనుక ఈ నిష్పత్తిని సైన్యమంతటికీ అన్వయించకూడదు. అయినా వారు దేహపరీక్షలు దాటి సేవలో ఉన్నవారే. పైకి కనిపించే దారుఢ్యం రాత్రిశ్వాసకు హామీ కాదని ఇది స్పష్టం చేస్తుంది.

8. సేవానంతరం – పరిహారపు లెక్క:

సేవలో ఉన్నంతకాలం అర్హతను ప్రశ్నించిన యంత్రమే సేవ ముగిశాక పరిహారానికి కొలమానమైంది. అమెరికా మాజీసైనికుల వ్యవహారాల శాఖ వైకల్యాల పట్టికలో స్లీప్ ఆప్నియాకు 6847 అనే సంకేతసంఖ్య ఉంది. 1996 నుంచి అమలైన ప్రమాణాల ప్రకారం లక్షణాలు లేకుండా రోగం నమోదైతే సున్నా, పగటి మగత ఉంటే 30, సీప్యాప్ వంటి శ్వాసయంత్రం అవసరమైతే 50, అతితీవ్రస్థితిలో 100 శాతం. ఈ లెక్కలో మనిషి పడే బాధకన్నా వాడే యంత్రానికి ప్రాధాన్యం లభించింది. 2022 ఫిబ్రవరిలో ఆ శాఖ దీనిని మార్చే ప్రతిపాదన ప్రకటించింది. చికిత్సతో లక్షణాలు పోతే పరిహారశాతం ఉండకూడదని, చికిత్స ఎంతమేరకు ఫలించిందన్నదే ప్రమాణం కావాలని దాని సారాంశం.

మాజీసైనికుల వైపు నుంచి చూస్తే ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. ప్రతిరాత్రి జీవితాంతం ముఖానికి తొడుగు కట్టుకొని నిద్రించవలసినవానిని లక్షణాలు లేవు కనుక ఆరోగ్యవంతుడనవచ్చునా? ప్రభుత్వం వైపు నుంచి చూస్తే మరొక న్యాయమైన ప్రశ్న ఉంది. అవయవం కోల్పోయినవానితో, యంత్రసాయంతో చక్కగా పనిచేయగలవానిని ఒకే పట్టికలో ఎలా తూచాలి? ఈ వివాదం రోగం స్వభావం గురించినది కాదు. దాని భారాన్ని ఎవరు మోయాలన్నదాని గురించినది.

9. భారత సైన్యం – శాసనం, శ్రేణి, శిఖరం:

భారతదేశంలో 1950 నాటి సైనిక చట్టం ఈ నేరాన్ని రెండుచోట్ల పేర్కొంది. యుద్ధసమయంలో లేదా ప్రమాదసూచన వెలువడిన వేళ కావలివాడు నిద్రపోతే 34వ సెక్షన్ కింద మరణశిక్ష వరకు విధించవచ్చు. ఇతర సందర్భాల్లో 36వ సెక్షన్ కింద క్రియాశీల సేవలో ఉంటే 14 ఏళ్ళ వరకు, లేకుంటే 7 ఏళ్ళ వరకు కారాగారం. వలసకాలపు సైనిక శాసనసంప్రదాయపు ఛాయ ఈ సెక్షన్లలో స్పష్టంగా ఉంది.

ఆరోగ్యం విషయంలో భారత సైన్యం ‘షేప్’ అనే వర్గీకరణను అనుసరిస్తుంది. మానసికస్థితి, వినికిడి, అవయవాలు, శారీరకశక్తి, కంటిచూపు అనే ఐదు అంశాల ఆంగ్లనామాల తొలి అక్షరాలతో ఈ పేరు ఏర్పడింది. అన్నింటా ఒకటవ శ్రేణిలో ఉన్నవాడు ‘షేప్–1’, సర్వవిధాలా యోగ్యుడు. ఏ అంశంలో శ్రేణి దిగినా అతడు నిమ్నవైద్యశ్రేణిలో చేరుతాడు. పోస్టింగు, పదోన్నతి, సేవాకాల పొడిగింపు వంటి నిర్ణయాలమీద ఈ శ్రేణి ప్రభావం ఉంటుంది. నేరానికి శిక్ష ఒకసారి విధించి ముగించేది. శ్రేణి అలా కాదు, ప్రతి వైద్యమండలి ముందూ మళ్ళీ నిర్ణయమవుతూ సైనికుని వెంటే ఉంటుంది.

ఉన్నతపర్వత ప్రాంతాల సేవ ఈ చర్చను మరింత క్లిష్టం చేస్తుంది. 1984 నుంచి సియాచిన్‌లో భారత సైన్యం నిలిచి ఉంది. అంత ఎత్తులో ప్రాణవాయువు కొరతవల్ల శ్వాసవేగం పెరుగుతుంది, రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది, దానితో శ్వాసకు ప్రేరణనిచ్చే సంకేతం కొద్దిసేపు ఆగుతుంది. ఫలితంగా ఆరోగ్యవంతులలో కూడా నిద్రలో శ్వాస ఉద్ధృతమవుతూ, ఆగుతూ సాగుతుంది. ఇటలీ శరీరధర్మశాస్త్రవేత్త ఏంజెలో మొస్సో 19వ శతాబ్ది చివరిదశకంలోనే మాంటె రోజా శిఖరంపై 4,500 మీటర్లకు పైన ఈ శ్వాసక్రమాన్ని నమోదు చేశాడు. ఇది గొంతు ముడుచుకుపోవడంవల్ల కలిగే రకం కాదు, మెదడు సంకేతానికి సంబంధించిన రకం. కిందికి దిగితే సాధారణంగా తగ్గిపోతుంది. అయినా ఒక విషయం మాత్రం తేటతెల్లం. సైనికుణ్ణి రాత్రి నిద్రకు దూరం చేసేది కొన్నిసార్లు అతని దేహం కాదు, రాజ్యం అతణ్ణి నిలబెట్టిన చోటు.

సేవవల్ల రోగం వచ్చిందా, రోగమే సేవలో ప్రవేశించిందా అన్న ప్రశ్న పింఛను వివాదాల్లో ప్రధానమైనది. ఇది నేరుగా ఆప్నియాకు సంబంధించినది కాకున్నా 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ మార్గదర్శకం. ఆ సైనికునికి మూర్ఛరోగం ఉన్నందున సేవ నుంచి తొలగించి వైకల్య పింఛను నిరాకరించారు. చేరిక సమయంలో నమోదు కాని రోగం తర్వాత కనిపిస్తే అది సేవాపరిస్థితులవల్ల వచ్చినదనే భావించాలని, కాదనదలచిన వైద్యమండలి కారణాలు చూపాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. రుజువు చేసే భారం సైనికునిమీద లేదు. కావలివాని నిద్రను విచారించిన పాత న్యాయస్థానాలతో పోల్చితే ఇది ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. అక్కడ కారణం అడిగే అవకాశమే లేదు, ఇక్కడ కారణం చెప్పవలసిన బాధ్యత రాజ్యానిది.

10. ముగింపు:

సైనికుని మగత గురించి సైన్యాలు వేసిన ప్రశ్నలు మూడు. మొదట ‘నిద్రపోయాడా?’ అన్నాయి, దానికి తుపాకిగుండు సమాధానమైంది. తర్వాత ‘ఎందుకు నిద్రపోయాడు?’ అన్నాయి, దానికి వైద్యపరీక్ష సమాధానమైంది. ఇప్పుడు ‘ఎక్కడ పనికివస్తాడు?’ అంటున్నాయి, దానికి శ్రేణి సమాధానమవుతోంది. ఈ క్రమం పురోగతియే. చనిపోవలసినవాడు బతికాడు, బతికినవాడు చికిత్స పొందాడు. అయినా రెండవ ప్రశ్నకూ మూడవ ప్రశ్నకూ ఒకే వైద్యపత్రం సమాధానమైనంతకాలం ఆ పత్రాన్ని కోరి తెచ్చుకోవడానికి సైనికుడు వెనుకాడుతూనే ఉంటాడు.

వైద్యుని ముందు నిజం చెప్పినవానికి వృత్తినష్టం, దాచినవానికి పదోన్నతి అన్న స్థితి ఏ సైన్యానికీ క్షేమం కాదు. చికిత్సలో ఉన్న సైనికునికన్నా రోగం దాచి తుపాకి పట్టిన సైనికుడే శిబిరానికి అపాయకరం. సౌప్తికపర్వపు రాత్రి చెప్పే హెచ్చరిక ఇప్పటికీ వర్తిస్తుంది, కావలి సడలితే శిబిరం నిలవదు. ఆ కావలిని కాపాడుకోవడానికి భయం సరైన సాధనం కాదని ద్రోణపర్వంలో సేనలకు నిద్రను అనుమతించిన గుడాకేశుడు ఏనాడో గ్రహించాడు. ఆధునిక సైన్యాలు శాసనంలో రోగానికి చోటిచ్చాయి. వృత్తిజీవితంలో కూడా చోటివ్వడం ఇంకా పూర్తికాని పని.